జ్ఞాపకం చెప్పేదొకటి, టేపు చెప్పేదొకటి



1977 మే 8, ఆదివారం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అని ఒక చిన్న ఊరుంది. కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. ఆ ఆవరణలో బార్టన్ హాల్ అనే పెద్ద భవనం ఒకటి. మొదట్లో కవాతులు చేయించడానికి కట్టారు, తర్వాత ఆటలకు వాడుకున్నారు. కచేరీల కోసం కట్టింది మాత్రం కాదు. ఆ సాయంత్రం అందులో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం వాయించింది. హాలు కిక్కిరిసిపోయింది. ముందున్నవాళ్ళు వేదికకు నొక్కుకుపోతుంటే, గిటారు వాయించే బాబ్ వీర్ అందరూ కాస్త వెనక్కి జరగండని మైకులో చెప్పాల్సి వచ్చింది. కచేరీ అయిపోయి జనం బయటికొస్తే మంచు కురుస్తోంది. మే నెలలో మంచు!

ఆ రాత్రి అక్కడ ఉన్నవాళ్ళను కదిలిస్తే చాలామంది ఈ మంచు దగ్గరే మొదలుపెడతారు. కోటు తెచ్చుకోలేదనో, కారు అద్దం మీద మంచు పేరుకుందనో చెబుతారు. సంగీతం సంగతి అడిగితే మాత్రం అందరూ ఒకే మాట అంటారు. రెండో భాగం మొదట్లో రెండు పాటలను ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు కలిపి పాతిక నిమిషాల పాటు వాయించారే, అది అద్భుతం అంటారు. ఇంతమందికి ఒకే ఘట్టం, ఒకే వరసలో ఎలా గుర్తుంది? ఎందుకంటే ఆ తర్వాత వాళ్ళు దాన్ని టేపు మీద వందసార్లు విన్నారు. మంచు వాళ్ళ సొంత జ్ఞాపకం. పాట సగం వాళ్ళది, సగం టేపుది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ రెండో సగం గురించి.

గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో కాలిఫోర్నియాలో, పాలో ఆల్టో ప్రాంతంలో పుట్టింది. జెర్రీ గార్సియా ప్రధాన గిటారు, బాబ్ వీర్ రెండో గిటారు, ఫిల్ లెష్ బేస్ గిటారు, బిల్ క్రూట్జ్‌మన్ డ్రమ్ములు. 1967లో మికీ హార్ట్ రెండో డ్రమ్మరుగా వచ్చి చేరాడు. 1995 దాకా, అంటే ముప్ఫై ఏళ్ళలో, ఈ బృందం రెండువేల మూడు వందలకు పైగా కచేరీలు చేసింది. విచిత్రమేమిటంటే రికార్డుల అమ్మకాల్లో వీళ్ళెప్పుడూ అగ్రశ్రేణిలో లేరు. అమెరికా పాటల పట్టికలో మొదటి పది స్థానాల్లోకి వెళ్ళిన పాట ఒకే ఒక్కటి, అదీ 1987లో. అప్పటికి బృందం వయసు ఇరవై రెండేళ్ళు. రికార్డు కొనకుండానే ఇంత జనం ఎక్కణ్ణుంచి వచ్చారు మరి?

ఇది మన కచేరీ శ్రోతలకు చెప్పకుండానే అర్థమయ్యే సంగతి. ఒకే విద్వాంసుడు, ఒకే కృతి, ఒకే రాగం. అయినా నిన్న విజయవాడలో విన్నది వేరు, ఇవాళ రాజమండ్రిలో వినబోయేది వేరు. మనోధర్మం అనేది ఒకటుంది గనక. ఈ బృందానిదీ అదే దారి. ఇవాళ ఏ పాటలు వాయించాలన్నది ముందుగా రాసుకునేవాళ్ళు కాదు. పాట మధ్యలో తోవ తప్పించి, ఇరవై నిమిషాలు ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ పల్లవి దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒక్కోసారి రాకుండా వేరే పాటలోకి దిగిపోయేవాళ్ళు. కొన్ని రాత్రులు అది గాలికి కొట్టుకుపోయి ఎటూ కాకుండా పోయేది కూడా. అందుకని రేపటి ఊరికీ వెళ్ళాల్సిందే. ఎల్లుండి ఊరికీ వెళ్ళాల్సిందే. బృందం వెంట ఊరూరా తిరిగే ఈ అభిమానులకు డెడ్‌హెడ్స్ అని పేరు పడింది.

తిరగడానికి డబ్బులు కావాలి కదా. కచేరీ జరిగే చోట కార్లు నిలిపే మైదానమే వాళ్ళ సంత. బొగ్గుల పొయ్యి మీద చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్డు అమ్మేవాళ్ళు, రంగులద్దిన చొక్కాలు అమ్మేవాళ్ళు, పూసలు గుచ్చి అమ్మేవాళ్ళు. ఆ రాబడితో తర్వాతి ఊరి టికెట్టు, పెట్రోలు. టికెట్టు దొరకనివాడు ఒక వేలు పైకెత్తి గుంపులో తిరుగుతుండేవాడు. ఎవరైనా పుణ్యాత్ముడు ఒక టికెట్టు ఉచితంగా చేతిలో పెట్టకపోతాడా అని. పెట్టేవాళ్ళు కూడా. అలా టికెట్టు దొరికిన సంగతి నలభై ఏళ్ళ తర్వాత కూడా కళ్ళు మెరిసేలా చెప్పుకుంటారు. ఆ రోజు ఏం వాయించారో గుర్తుండదు, టికెట్టు ఇచ్చిన మనిషి టోపీ రంగు గుర్తుంటుంది.

1983 నుంచి బృందమే స్వయంగా తపాలా ద్వారా టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. మనీ ఆర్డరు, తిరుగు టపా కవరు జతచేసి పంపాలి. లక్షణంగా బొమ్మలేసిన కవరైతే టికెట్టు తప్పకుండా వస్తుందని ఎవరో అన్నారు. ఇంకేముంది, గులాబీలు, పుర్రెలు, ఎలుగుబంట్లు, ఇంద్రధనుస్సులు. ఒక్కో కవరు మీద రాత్రంతా కూర్చుని రంగులేసినవాళ్ళున్నారు. వాటిని పారెయ్యడానికి ఆఫీసువాళ్ళకు చేతులు రాలేదు. ఇప్పుడు ఆ కవర్లు వేలకొద్దీ శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. 2008లో బృందం తన కాగితాలన్నీ ఆ విశ్వవిద్యాలయానికి ఇచ్చేసింది.

ఇక టేపుల సంగతికి వస్తాను.

మొదట్లో అందరు అభిమానుల్లాగే డెడ్‌హెడ్స్ కూడా టేపురికార్డర్లను కోటు కింద దాచుకుని లోపలికి తీసుకెళ్ళారు. 1971లో బ్రూక్లిన్‌లో కొందరు కుర్రాళ్ళు టేపులు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక సంఘమే పెట్టుకున్నారు. ఏ రికార్డు కంపెనీ అయినా ఇలాంటివాళ్ళ మీద వకీళ్ళను తోలుతుంది. ఈ బృందం చూసీ చూడనట్టు ఊరుకుంది. మేం వాయించడం అయిపోయాక అది మీదే, తీసుకుపొండి అన్నది గార్సియా ధోరణి. 1980ల నాటికి మైకులు బిగించిన కర్రలు హాల్లో చెరకుతోటలా లేచాయి. ఎంతలా అంటే సౌండ్ ఇంజనీరుకు వేదిక కనపడటం మానేసింది. 1984 అక్టోబరులో బర్క్‌లీలో దీనికి ఒక దారి చూశారు. మిక్సింగ్ బల్ల వెనకాల టేపు చేసుకునేవాళ్ళకు వేరే చోటు, వాళ్ళకు వేరే టికెట్లు. షరతు ఒక్కటే. పంచుకోండి, అమ్ముకోవద్దు.

ఆ వరసల్లో కూర్చున్నవాడి పని తమాషాగా ఉంటుంది. చేతిలో తొంభై నిమిషాల క్యాసెట్టు. ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలు. బృందం ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతుందో తెలియదు. గడియారం వైపు ఒక కన్ను, తిరుగుతున్న చక్రాల వైపు ఒక కన్ను. నలభయ్యో నిమిషంలో పాట ఆగి చప్పట్లు మొదలైతే, ఇంకో అయిదు నిమిషాల టేపు మిగిలున్నా సరే, టక్కున తీసి తిప్పి పెట్టాలి. ఆశపడి ఆగాడా, రాబోయే పాట సరిగ్గా మంచి పట్టులో తెగిపోతుంది. ఇంకొకటి, మైకు దగ్గర తను చప్పట్లు కొట్టకూడదు, ఈల వేయకూడదు. పక్కవాడు అరిస్తే నోటి మీద వేలు పెట్టి చూపించాలి. ఊరంతా ఊగిపోతుంటే ఇతను తపస్సు చేస్తున్నట్టు కూర్చోవాలి. కచేరీని అందరికంటే తక్కువ అనుభవించి, అందరి కోసం దాచిపెట్టినవాడు ఇతనే. నాకు మాత్రం ఈ కథలో అందరికంటే ఇతనంటేనే ఎక్కువ ఇష్టం.

టేపు ఇంటికొచ్చాక అసలు పని మొదలు. రెండు డెక్కులు పక్కపక్కన పెట్టి కాపీలు తీయాలి. ఎవరికైనా కావాలంటే ఖాళీ క్యాసెట్టు, తిరుగు తపాలా బిళ్ళలు పంపితే చాలు. డబ్బు పుచ్చుకోవడం మహాపాపం. కాపీకి కాపీ తీస్తున్నకొద్దీ సర్రుమనే చప్పుడు పెరుగుతుంది. అందుకే డబ్బా మీద తేదీ, ఊరు, హాలు, పాటల వరసతోపాటు ఇది ఎన్నో తరం కాపీయో కూడా చిన్న అక్షరాలతో రాసేవాళ్ళు. తేదీ లేని టేపును ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. అది ఏ రాత్రిదో తెలియనప్పుడు దానికి విలువేముంది? ఈ రాతలన్నీ కూడగట్టి, బృందం ఏ రోజున ఏ ఊళ్ళో ఏ వరసలో ఏం వాయించిందో చెప్పే లావుపాటి పుస్తకాన్ని 1987లో ముగ్గురు అభిమానులు అచ్చేశారు. ఇంత పనీ జీతం బత్తెం లేకుండా జరిగింది.

బార్టన్ హాల్ కచేరీ పేరు మోగడం వెనక మరో కథ ఉంది. బెటీ కాంటర్ అని బృందంతో పనిచేసిన రికార్డింగు ఇంజనీరు. చెవి గొప్పది. 1970లలో ఆమె వేదిక పక్కనుంచి చేసిన రీళ్ళు వందలకొద్దీ ఉండేవి. తర్వాత ఆమెకు రోజులు బాగాలేక వాటిని అద్దె గోదాములో పెట్టింది. అద్దె బాకీ పడింది. 1986లో గోదామువాళ్ళు సామానంతా వేలం వేశారు. కొన్న పుణ్యాత్ముల్లో కొందరు అవేమిటో తెలుసుకుని కాపీలు తీయించారు. అంతవరకు సర్రుమనే పదో తరం కాపీలు వింటున్నవాళ్ళ చేతికి ఒక్కసారిగా అద్దంలాంటి ధ్వని వచ్చింది. అందులో ఈ మే 8 కూడా ఉంది. అంతే, ఊరూరా అదే రాత్రి. అందరికంటే గొప్ప కచేరీ అదేనని తీర్మానం.

కాదనేవాళ్ళకూ కొదవలేదు. మర్నాడు, మే 9న బఫెలోలో వాయించింది దీన్ని తలదన్నిందని ఒక వర్గం. ఆ నెలలో ఏ రాత్రి తీసుకున్నా అంతేనని ఇంకో వర్గం. అసలు బార్టన్ హాల్ కచేరీ జరగనే లేదు, అంతా కట్టుకథ అని కొందరు నవ్వులాటకు ప్రచారం చేశారు కూడా. నాకు తోచింది చెప్పాలంటే, ఆ రాత్రి గొప్పదే, కానీ అంత గొప్పదని లోకానికి తెలిసింది టేపు మంచిది కావడం వల్ల. అంతే గొప్ప రాత్రులు కొన్ని చెడ్డ మైకుల పాలబడి మరుగునపడ్డాయి. ఏమైతేనేం, అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశం కలకాలం భద్రపరచవలసిన ధ్వనిముద్రణల 2011 సంవత్సరపు జాబితాలో ఈ బార్టన్ హాల్ టేపును చేర్చింది. బృందం తరఫున అధికారికంగా అది విడుదలైంది 2017లో, నలభై ఏళ్ళకు. అప్పటికి కావలసినవాళ్ళందరి దగ్గరా అది ఎప్పటినుంచో ఉంది. అయినా కొన్నారు.

టేపు అంటూ ఒకటి ఉండడం వల్ల ఒక చిక్కు కూడా వచ్చిపడింది. జ్ఞాపకాన్ని అది పట్టుకుని నిలదీస్తుంది.

1978 సెప్టెంబరు మధ్యలో ఈ బృందం ఈజిప్టు వెళ్ళి గిజా పిరమిడ్ల పక్కన మూడు రాత్రులు వాయించింది. వెనక పిరమిడ్లు, పక్కన స్ఫింక్స్, ఎదురుగా ఎడారి. మూడో రాత్రి చంద్రగ్రహణం. హమ్జా ఎల్ దిన్ అనే నూబియా విద్వాంసుడు తనవాళ్ళతో చప్పట్లు, డప్పులతో ఆరంభిస్తే వీళ్ళు అందుకున్నారు. అమెరికా నుంచి ఖర్చులు పెట్టుకుని వెళ్ళిన కొద్దిమంది అభిమానులు దాన్ని జీవితంలో మరువలేని రాత్రిగా చెబుతారు. ఎడారిలోంచి ఒంటెల మీద వచ్చి దూరంగా నిలబడి విన్నవాళ్ళ సంగతీ చెబుతారు. తీరా టేపు వింటే? పియానో శ్రుతి తప్పింది. బిల్ క్రూట్జ్‌మన్ మణికట్టు విరిగి ఒంటి చేత్తో వాయించాడు. పిరమిడ్ లోపలి గదిలోకి ధ్వనిని పంపి ప్రతిధ్వనిని పట్టుకోవాలని వేసిన ఎత్తు పారలేదు. ఆల్బమ్‌గా వేసి ఖర్చు రాబట్టుకుందామనుకున్న బృందం ఆ టేపులు విని చాప చుట్టేసింది. అవి బయటికి రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఉడ్‌స్టాక్‌దీ ఇదే వరస. 1969 ఆగస్టులో లక్షల జనం ముందు, వానకు తడిసిన వేదిక మీద వాయించారు. గిటారు ముట్టుకుంటే షాకు, మైకు దగ్గరికి పెదవి వెళితే షాకు. మేం అంత చెత్తగా ఎన్నడూ వాయించలేదని బృందంలోవాళ్ళే చెప్పుకున్నారు. ఉడ్‌స్టాక్ సినిమా తెర మీదికి వచ్చినప్పుడు అందులో వాళ్ళ కచేరీ లేదు. అక్కడ బురదలో కూర్చుని విన్న మనిషిని అడగండి. ఆ బురదను చచ్చినా వదులుకోడు.

మరి జ్ఞాపకం, టేపు, ఈ రెండిటిలో ఏది నిజం? ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ జనంలో ఎల్‌ఎస్‌డీ వంటి మత్తుమందుల వాడకం బహిరంగ రహస్యం. కొన్ని జ్ఞాపకాలకున్న రంగు అక్కణ్ణుంచి వచ్చిందే. అయితే మత్తు జోలికి పోని అభిమానులకు కూడా టేపులో లేనిది గుర్తుంది. వాళ్ళు కేవలం పాట వినలేదు. ఎండలో మాడారు, వానలో తడిశారు, పక్కవాడిచ్చిన నీళ్ళు తాగారు. 1972 ఆగస్టు 27న ఆరెగాన్ రాష్ట్రంలో వెనీటా దగ్గర ఒక పాలడెయిరీని ఆదుకోవడానికి చేసిన కచేరీనే తీసుకోండి. టికెట్లు అచ్చేసింది ఆ డెయిరీ పెరుగు డబ్బాలకు అంటించే లేబుళ్ళ మీద! మన రెంటచింతలను తలపించే ఎండ. ఎండకు గిటార్ల శ్రుతి నిలవలేదు. అయినా, అక్కడ ఉన్నవాళ్ళే కాదు, ఆ తర్వాత పుట్టి టేపులో విన్నవాళ్ళు కూడా దాన్ని తలకెత్తుకుంటారు. ఇక్కడ మాత్రం జ్ఞాపకమూ టేపూ ఒకే మాట మీద నిలబడ్డాయి.

చెవులు వినపడని అభిమానులు కూడా ఈ కచేరీలకు వచ్చేవాళ్ళని మీకు చెబితే నమ్మకపోవచ్చు. వాళ్ళకు వేదిక కనపడేలా ప్రత్యేకంగా చోటిచ్చారు. పాట మాటలను చేతి సైగల్లోకి మార్చి చూపించే దుబాసీలు ఉండేవాళ్ళు. చేతుల్లో ఒక్కొక్కరికి గాలి నింపిన బుడగ. ఫిల్ లెష్ బేస్ గిటారు తీగ మీటితే ఆ అదురు బుడగలోకి వచ్చి అరచేతులకు తగులుతుంది. అలా విన్నదాన్ని ఏ మైకు పట్టుకుంటుంది?

మన దేశానికీ ఈ బృందానికీ ఒక అసలైన చుట్టరికం ఉంది. మికీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లారఖా లయకు దాసోహమన్నవాడు. అల్లారఖా కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో హార్ట్‌ది జీవితకాల స్నేహం. ఇద్దరూ కలిసి 1976లో దిగా రిథమ్ బ్యాండ్ పేరిట ఒక రికార్డు చేశారు. తర్వాత 1991లో ప్లానెట్ డ్రమ్ చేశారు. అందులో మన ఘటం విక్కు వినాయకరామ్ కూడా ఉన్నారు. ప్రపంచ సంగీత విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ పురస్కారం దానికే దక్కింది. డెడ్ కచేరీల రెండో భాగంలో తక్కినవాళ్ళంతా తప్పుకుని ఇద్దరు డ్రమ్మర్లే వాయించే ఘట్టం ఒకటుండేది, మన తని ఆవర్తనంలాగా. మన దగ్గర తని మొదలవగానే కొందరు కాఫీకి లేస్తారే, అక్కడా అంతే. ఆ సమయానికి లేచి బయటికి నడిచేవాళ్ళు. ఈ ఒక్క విషయంలో ప్రపంచమంతా ఒక్కటే అనిపిస్తుంది.

అన్నీ తీపి జ్ఞాపకాలే కావు. 1987లో ఆ ఒక్క పాట మోగాక కొత్త జనం వరదలా వచ్చారు. టికెట్లు లేనివాళ్ళు వేలల్లో మూగారు. 1995 జులైలో ఇండియానా రాష్ట్రంలోని డీర్ క్రీక్‌లో కంచె విరగ్గొట్టి లోపలికి ఎగబడ్డారు. మర్నాటి కచేరీని రద్దు చేయాల్సి వచ్చింది. లోపల ఉన్నవాళ్ళలో కొందరు కంచె పడుతుంటే కేకలేసి మెచ్చుకున్నారు. ముసలివాళ్ళైపోయిన పాత అభిమానులు ఇప్పుడు ఆ సంగతి సిగ్గుపడుతూ చెబుతారు. అప్పటికి గార్సియా ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. పాటల మాటలు మరచిపోయేవాడు. జులై 9న షికాగోలో చివరి కచేరీ. ఆగస్టు 9న గార్సియా పోయాడు. యాభై మూడేళ్ళు. ఆ చివరి వేసవి టేపులు కూడా ఉన్నాయి, తేదీలతో సహా. వాటిని పెట్టుకుని వినేవాళ్ళు తక్కువ.

శ్రోతలారా, మన ఇళ్ళలో అటకల మీద క్యాసెట్లు ఉండే ఉంటాయి. ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో జరిగిన హరికథ, తిరునాళ్ళలో పద్యనాటకం, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ, మీ తాతగారో మామయ్యగారో చిన్న టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని చేసింది. వాటి మీద తేదీ ఉందేమో చూడండి. లేకపోతే ఆ రోజు అక్కడ ఉన్న పెద్దలను అడిగి, ఏ ఊరు, ఏ సంవత్సరం, పాడినవారెవరు, పక్కవాద్యం ఎవరు అన్నది ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. చెప్పగలిగినవారు ఉండగానే ఆ పని చేయండి. బూజు పట్టిన టేపును నేరుగా పెట్టి తిప్పకండి, తెగుతుంది. తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించి కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ఎక్కించుకున్నాక ఒక కాపీ ఇంకెవరికైనా ఇవ్వండి. డబ్బు మాత్రం తీసుకోకండి.